చేతులెత్తి తేల్చిన తెగులు

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు. నా మోకాళ్ళ నొప్పుల గురించి మర్యాదకు అడుగుతారు. ఆ తర్వాత అసలు ప్రశ్న బయటికి తీస్తారు.

"మేడమ్, రైతులు మనం చెప్పేది వింటారాండి?"

వింటారు నాయనా. చాలా శ్రద్ధగా వింటారు. విని, పక్కవాడు ఏమంటున్నాడో కనుక్కుని, ఆ పక్కవాడు ఎవరి వర్గమో గుర్తు తెచ్చుకుని, అప్పుడు ఒక నిర్ణయానికి వస్తారు. ఇందులో రైతుల్ని తప్పుపట్టడానికేమీ లేదు. మనమూ అంతే. కాకపోతే మనం ఆఫీసులో కూర్చుని చేస్తాం కాబట్టి దానికి చర్చ అని పేరు పెట్టుకుంటాం.

నేను బాపట్లలో చదువుకునే రోజుల్లో నేల గురించి చెప్పారు, పురుగు గురించి చెప్పారు, ఎరువు గురించి చెప్పారు. ఓటరు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఉద్యోగంలో నాకు ఎక్కువగా ఎదురైంది ఓటరే. అందుకని ఎప్పుడు ఏ పోస్టుకు ఎక్కానో, ఎక్కడికి బదిలీ అయ్యానో ఇక్కడ రాయను. ఆ పిల్లలకు పనికొస్తాయనుకున్న రెండు మూడు సంగతులు మాత్రం రాస్తాను.

మా నేలకు లోపమా?

నా మొదటి పోస్టింగు పిట్టలవానిపాలెం వైపు. ఎనభైల మొదట్లో. ఆడపిల్ల వ్యవసాయాధికారిగా రావడం ఆ పల్లెలకు కొత్త. నన్ను చూడగానే "మీరెవరి తాలూకండి?" అని అడిగేవాళ్ళు. రేపల్లెలో ఫలానా లూథరన్ టీచరు గారి అమ్మాయినని చెబితే, "అట్టాగా, మరి పొలాల్లో తిరుగుతున్నావేంటమ్మా?" అని జాలిపడేవాళ్ళు. నేను దారి తప్పి వచ్చానని వాళ్ళ అభిప్రాయం.

ఆ ఏడు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. నేలలో జింకు తక్కువైతే అలా వస్తుంది. నేను ఒక ఊళ్ళో మీటింగ్ పెట్టి, కాలేజీలో నేర్చుకున్నట్టే గొంతు సవరించుకుని, "మీ నేలలో జింకు లోపం ఉంది" అన్నాను. అందరి మొహాలూ ఒక్కసారిగా మాడిపోయాయి.

నాకు తెలియని సంగతేమిటంటే, అంతకు కొద్దిరోజుల ముందే ఒక పెద్ద నాయకుడు ఆ ఊరు వచ్చి, మైకు పట్టుకుని, "ఈ నేల బంగారం. ఈ నేలకు లోటనేది లేదు" అని వెళ్ళాడు. చప్పట్లు మారుమోగాయట. ఒక పెద్దాయన లేచి నన్ను నిలదీశాడు.

"ఏంటమ్మాయ్, అంత పెద్దమనిషి వచ్చి మా నేలకు లోటు లేదన్నాడు. నువ్వొచ్చి లోపం అంటావేంటి? నీకు ఎక్కువ తెలుసా, ఆయనకు ఎక్కువ తెలుసా?"

జింకు గురించి అయితే నాకే ఎక్కువ తెలుసునని చెప్పాను. అది నిజమే. ఆ నిజంతో ఆ సాయంత్రం ఒక్క కిలో జింకు కూడా పొలంలోకి వెళ్ళలేదు.

ఆదివారం రేపల్లె వెళ్ళి ఇంట్లో చెప్పుకుని విసుక్కున్నాను. మా అమ్మ చేపలు కడుగుతూ విన్నది. "ఒకరి ఇంటికెళ్ళి మీ కోడలికి లోపముంది అంటే ఊరుకుంటారుటే?" అన్నది. "బాలింత అని చెప్పు. కని కని అలిసిపోయింది, కాస్త బలానికి పెట్టాలి అను. అప్పుడు ఎవరు కాదంటారు?"

మళ్ళీ వెళ్ళి అలాగే చెప్పాను. మీ నేల ఏటా ఇస్తూనే ఉంది, ఇచ్చి ఇచ్చి ఉన్న జింకు అయిపోయింది, బాలింతకు పెట్టినట్టు పెట్టండి అన్నాను. నన్ను నిలదీసిన పెద్దాయనే ముందుగా లేచి, "ఆ మాట మొన్ననే చెప్పొచ్చుగదమ్మా" అని కోప్పడ్డాడు.

నేను చెప్పిన రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. నిజాన్ని వినేవాళ్ళ వైపుకు తిప్పి పెట్టానంతే. ఈ కిటుకు దొరికాక నాకు కాస్త పొగరు వచ్చింది. ఇక ఏ ఊళ్ళోనైనా నిజాన్ని గెలిపించగలను అనుకున్నాను. అప్పుడు నన్ను వేమూరు వేశారు.

దోమ వర్గం, తెగులు వర్గం

వేమూరుకు దగ్గర్లోనే ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్ళో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి, రెండు వర్గాలకూ మా ఇల్లు తెలుసు.

అప్పుడు ప్రెసిడెంటు శేషయ్య గారు. మాజీ ప్రెసిడెంటు రాఘవయ్య గారు. ఇద్దరి పొలాలూ పక్కపక్కనే, మధ్యలో ఒకే గట్టు. ఎన్నికల్లో ఒకరు గెలిచి ఒకరు ఓడినప్పటినుంచి ఆ గట్టు నాదంటే నాదని తగాదా. అక్కడి బోదె, అంటే పంటకాలువ, కింద ఉన్న పొలాల నీళ్ళన్నీ మురుగుకాలువలోకి దిగిపోవడానికి ఒకప్పుడు ఆ గట్టులో ఒక గండి ఉండేది. తగాదా వచ్చాక అది పూడిపోయింది. ఎవరు పూడ్చారని అడిగితే ఇద్దరూ ఎదుటివారి పేరే చెబుతారు.

అది పూడిపోవడంతో నీళ్ళు దిగడానికి ఒకే ఒక్క దారి మిగిలింది. అన్నిటికన్నా పల్లంలో, మురుగుకాలువను ఆనుకుని ఉన్న దేవదానం మాస్టారి ఎకరన్నర మీదుగా.

మాస్టారు మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. చర్చిలో సంఘపెద్ద. శేషయ్య గారికీ రాఘవయ్య గారికీ ఎక్కాలు నేర్పింది ఆయనే. ఊరవతలి పేటలో ఉండి, ఆ ఇద్దర్నీ పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఊరు మొత్తం మీద ఆయన ఒక్కరే. మా నాన్నగారు కూడా అలాంటి స్కూల్లోనే టీచరు కావడం వల్ల నామీద ఆయనకు అధికారం ఇంకాస్త ఎక్కువ. నా చెప్పులు చూసి, "ఇవి పొలానికి వేసుకొచ్చే చెప్పులేనా?" అని నలుగురిలో అడిగేవారు.

కార్తీక మాసంలో మబ్బులు పట్టాయి. గింజ పాలు పోసుకునే సమయం. పచ్చటి చేల మధ్యలో అక్కడక్కడ గుండ్రంగా, ఎవరో వేడినీళ్ళు కుమ్మరించినట్టు, వరి ఎండిపోవడం మొదలైంది. వాటినే సుడులంటారు. సుడిదోమ అనే చిన్న పురుగు దుబ్బు మొదట్లో చేరి, రసం పీల్చేస్తే అలా అవుతుంది. పైనుంచి చూస్తే కనపడదు. నడుం వంచి, దుబ్బును పక్కకు తీసి చూడాలి.

మొదటి సుడి శేషయ్య గారి పొలంలోనే కనిపించింది. కబురు తెలియగానే రాఘవయ్య గారు టీ కొట్టు దగ్గర, "అది దోమపోటు" అని తేల్చేశారు.

ఇక్కడే ఉంది తిరకాసు. ఆ ఏడు ఊరంతా వేసిన విత్తనం శేషయ్య గారు పట్టుబట్టి తెప్పించింది. అది దోమకు తేలిగ్గా లొంగిపోయే రకమని అప్పటికే ఒక మాట ఉంది. అంచేత ఇది దోమ అయితే తప్పు ప్రెసిడెంటుది. ఎండు తెగులు అయితే తప్పు మబ్బులది. మబ్బులు ఎన్నికల్లో నిలబడవు కాబట్టి, "ఇది ఎండు తెగులు" అని శేషయ్య గారు పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నిలబడి చెప్పారు.

రెండు రోజుల్లో ఊరు రెండుగా చీలింది. దోమ వర్గం దోమ మందు కొట్టింది, తెగులు వర్గం తెగులు మందు కొట్టింది. అన్నదమ్ములు విడిపోయిన ఒక ఇంట్లో అన్న తెగులు, తమ్ముడు దోమ. వియ్యంకుడు దోమ అన్నాడని తెగులు వర్గంలోకి మారిపోయినవాడు ఒకడున్నాడు.

నేను వెళ్ళి వంగి చూశాను. దోమే. దుబ్బు మొదట్లో గోధుమ రంగులో పొట్టు చల్లినట్టు కిక్కిరిసి ఉంది. మరి దోమ వర్గం గెలిచినట్టే కదా అంటారేమో. వాళ్ళు కొట్టిన మందు చాలా ఘాటైనది. పైన ఆకుల మీద కొట్టారు. కింద ఉన్న దోమకు ఏమీ కాలేదు. దోమను తినే సాలీళ్ళు మాత్రం చచ్చి ఊరుకున్నాయి. రాఘవయ్య గారు చెప్పింది నిజమే. కానీ ఆయన దుబ్బు మొదలు చూసి చెప్పలేదు, శేషయ్య గారి మొహం చూసి చెప్పారు. అలా దొరికిన నిజంతో ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

శేషయ్య గారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"మీరు చదువుకున్నవాళ్ళు, కాదననండి. కానీ ఊరొకటి అనుకుంటుంటే మీరొకటి అంటే ఎట్టాగండి? మీటింగ్ పెడదాం. ఊరు ఏదంటే అదే. ప్రజాస్వామ్యం కదండి."

మీటింగ్ జరిగింది. ప్రెసిడెంటు గారు లేచి, "తెగులు అనేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. లేచాయి. "దోమ అనేవాళ్ళు?" అవీ లేచాయి. తెగులు వైపు చేతులే ఎక్కువ. ఎక్కువ ఉండక ఏం చేస్తాయి, ఆ మధ్యనే గెలిచిన మనిషాయె. ఆ విధంగా ఆ ఊరి వరికి వచ్చింది ఎండు తెగులు అని మెజారిటీతో తేలింది. అక్కడికి నడవదగిన దూరంలో దోమ తన పని తాను చేసుకుంటోంది.

ఎవరో కుర్చీలో ఉన్న నన్ను గమనించారు. "మేడమ్ గారేంటండి, ఏ చెయ్యీ ఎత్తలేదు?"

"నాకు ఈ ఊళ్ళో ఓటు లేదండి" అన్నాను. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా దేవదానం మాస్టారు నవ్వారు.

ఏడీ గారు అడిగిన ప్రశ్న

మర్నాడు తెనాలి వెళ్ళి మా ఏడీ గారికి, అంటే అసిస్టెంట్ డైరెక్టరుకు, అంతా చెప్పాను. ఆయన పేరు సుబ్బారాయుడు గారు, నాకు దొరికిన బాసుల్లో మంచివాడు. మంచివాడని ఎందుకంటున్నానంటే, కింది ఉద్యోగి తలపట్టుకుని వస్తే ముందు కాఫీ చెప్పేవారు, తర్వాతే తిట్టేవారు. ఓటింగ్ సంగతి విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

"సరే. గెలిచి ఉంటే ఏం చెయ్యమని చెప్పేదానివి?"

"నీళ్ళు తీసేసి పొలం ఆరగట్టమని, గాలి ఆడేలా చేలో బాటలు తియ్యమని, మొదళ్ళకు తగిలేట్టు సరైన మందు కొట్టమని చెప్పేదాన్ని సార్."

"నీళ్ళు తీసి ఎక్కడికి పంపిస్తావు?"

"మురుగుకాలువలోకండి."

"ఎవరి పొలం మీదుగా?"

ఆ పొలాల్ని మనసులో గీసుకున్నాను. అక్కడ మడి నుంచి మడికి నీళ్ళు పారతాయి. ఒకడు తన నీళ్ళు తీయాలంటే కిందివాడు ఒప్పుకోవాలి. అందరూ తీస్తే అన్నీ వచ్చి పడేది మాస్టారి ఎకరన్నరలో. ఆయనది ముందుగా నాటిన చేను, కోతకు వచ్చేసింది. పండిన గింజ ఆ నీళ్ళలో పడితే అక్కడే మొలకెత్తుతుంది.

"చూడమ్మా, అది దోమా తెగులా అన్నది ఓట్లేసి తేల్చేది కాదు. వాళ్ళు చేతులెత్తారు. ఎవరి చేను మునగాలి అన్నది నువ్వు తేల్చేది కాదు. నువ్వు తేల్చేశావు. వాళ్ళ పని నువ్వు తీసుకున్నావు, నీ పని వాళ్ళు తీసుకున్నారు. వెళ్ళి ఎవరి పని వాళ్ళకివ్వు."

ఉద్యోగం మొత్తంలో ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు ఎవరూ చెప్పలేదు. కొత్త పిల్లలకు నేను చెప్పేదీ ఇదే. ఉన్నది ఏమిటో ఉన్నట్టు చెప్పడం మన పని. అందులో ఎవరి మెహర్బానీ కోసమూ తగ్గకూడదు. కానీ దానివల్ల ఎవరు నష్టపోవాలన్నది వాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి. చదువుకున్నవాళ్ళం కదా అని రెండూ మనమే చేసేస్తే, మొదటిది కూడా ఎవరూ నమ్మరు.

రెండు కండువాలు

తిరిగి ఊరికి వెళ్ళి, శేషయ్య గారినీ రాఘవయ్య గారినీ పొలానికి రమ్మని విడివిడిగా అడిగాను. అవతలివారు వస్తున్నారని ఇద్దరికీ చెప్పాను. రాకపోతే అవతలివారు ఏం మాట్లాడతారోనని ఇద్దరూ వచ్చారు. వాళ్ళతోపాటు సగం ఊరు వచ్చింది.

శేషయ్య గారి పొలంలో దిగి, "మీ కండువా ఒకసారి ఇస్తారాండి?" అన్నాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల కండువా. ఇష్టం లేకుండానే ఇచ్చారు. దుబ్బు పక్కన పరిచి, దుబ్బును వంచి నాలుగు దెబ్బలు కొట్టాను. తెల్లటి గుడ్డ మీద దోమ రాలి, అటూ ఇటూ గెంతడం మొదలుపెట్టింది. రాఘవయ్య గారి మొహం వెలిగిపోయింది.

"ఇప్పుడు మీ కండువా ఇవ్వండి" అన్నాను ఆయనతో.

"నాదెందుకండి? నేను మొదట్నుంచీ దోమే అంటున్నాగా?"

"ఇవ్వవయ్యా, నాదిచ్చాగా" అన్నారు శేషయ్య గారు. ఏళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదేనట.

రాఘవయ్య గారి పొలంలో ఆయన కండువా మీద రాలిన దోమ ఇంకా ఎక్కువ. సాలీడు మచ్చుకు ఒక్కటి లేదు. ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. తప్పుడు మందు వల్ల అలా అయిందని చెప్పాను. ఆ తర్వాత శేషయ్య గారి వైపు తిరిగి, "ఈ విత్తనం దోమకు లొంగే రకమే అండి" అని అది కూడా చెప్పాను. ఈసారి బాలింత, గీలింత అని తిప్పి చెప్పలేదు. తిప్పడానికి దారి కనిపించలేదు, తిప్పాలనీ అనిపించలేదు.

శేషయ్య గారు తన కండువా మీద దోమను వంగి చూశారు. తర్వాత ఆ కండువాను దోమతో సహా మూటగట్టి, పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్ళి, మెట్ల మీద విప్పి చూపించారు. "దోమేనయ్యా. విత్తనం తెప్పించింది నేనే. తిట్టేవాళ్ళు కోతలయ్యాక తిట్టండి, ముందు చేను సంగతి చూద్దాం" అన్నారు. నా ఉద్యోగంలో చాలామంది నాయకుల్ని చూశాను. వాళ్ళు అబద్ధాలు ఆడతారని ఊరికే అంటాం. అబద్ధం కన్నా వాళ్ళకు ఎక్కువగా ఉన్న జబ్బు నడుం వంచకపోవడం. వంగి చూశాక ఒప్పుకున్న మనిషి మాత్రం నాకు ఈయనొక్కడే గుర్తున్నాడు. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ సాయంత్రం నుంచి, తెగులుకు చెయ్యెత్తినవాడు ఆ ఊళ్ళో ఒక్కడు దొరికితే ఒట్టు. అందరూ మొదట్నుంచీ దోమే అన్నారట. మరి మెజారిటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మబ్బులకే తెలియాలి.

ఒప్పుకున్న తర్వాత

మళ్ళీ మీటింగ్. ఈసారి నేను చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాను. నీళ్ళు తీద్దామా అంటే అన్ని చేతులూ లేచాయి. మాస్టారు ఒక్కరే లేచి నిలబడ్డారు.

"అందరూ చేతులెత్తారు, సంతోషం. ఎత్తింది మీ చేతులు, మునిగేది నా చేను. అదొక్కటి చెప్పి కూర్చుంటా శేషయ్యా."

ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి. నిజం వాళ్ళ వైపే ఉంది, మెజారిటీ కూడా వాళ్ళ వైపే ఉంది. రెండూ కలిసి ఒక ముసలాయన పంటను ముంచడానికి సిద్ధంగా ఉన్నాయి. చివరికి వెనకనుంచి ఎవరో ఆ పాత గండి మాట ఎత్తారు. ఆ గండి మళ్ళీ తీస్తే నీళ్ళు సూటిగా కాలువలో పడతాయి, మాస్టారి చేనుకు ఏమీ కాదు. శేషయ్య గారు సరేనన్నారు. రాఘవయ్య గారూ సరేనన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. "ఆయన్ని ముందు పార వెయ్యమనండి, నేనూ వేస్తా" అని ఈయన. "ఆయన వేస్తే నేను కాదంటానా?" అని ఆయన. ముందు పార వేసినవాడు గట్టు మీద హక్కు వదులుకున్నట్టని ఇద్దరి భయం. నేను రోజూ ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగాను. ఇద్దరూ మజ్జిగ ఇచ్చారు. సుడులు పెద్దవవుతున్నాయి, అన్నిటికన్నా పెద్దవి మెరక మీద కౌలుకు చేసుకుంటున్న పేటవాళ్ళ పొలాల్లో. వాళ్ళకు ఆ పంట పోతే కౌలు ఎక్కణ్ణుంచి కడతారు, ఏం తింటారు? దోమ అని తెలుసు, మందు తెలుసు, దారి తెలుసు, అందరూ ఒప్పుకున్నారు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు తెల్లవారుతూనే మొదటి బస్సు దిగి, పొలాలకు అడ్డంపడి నడుస్తున్నాను. మాస్టారి చేను పైగట్టు తెగి నీళ్ళు బుసబుసా దిగుతున్నాయి. పక్కన మాస్టారు మోకాళ్ళదాకా బురదతో నిలబడి ఉన్నారు. చేతిలో పార.

"అయ్యో, గట్టు తెగిందాండి?" అన్నాను.

"తెగిందమ్మా."

నేను పార వైపు చూశాను. ఆయనా చూసి, దాన్ని తుంగలోకి విసిరేశారు.

"చూడనట్టు ఊరుకో. ఇప్పుడు నేను కేకలేస్తాను. వాళ్ళిద్దరూ పరిగెత్తుకొస్తారు."

"మీ పంటండీ! కోతకొచ్చిన పంట!"

"నాది ఎకరన్నర. మెరక మీద మా పేటంతా ఉంది. ఆ ఇద్దరికీ నిజం తెలిసి ఎన్నాళ్ళయిందమ్మా? తెలుసుకుని కూర్చున్నారు. నువ్వు ఇంకో కండువా పరుస్తావా?"

అబద్ధం ఆడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి ఆయన. ఆ మాటే అన్నాను.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. వీళ్ళకు మాత్రం నువ్వు చెప్పకు. మాస్టారు మనల్ని ఆడించాడని తెలిస్తే పంతానికి మళ్ళీ పూడ్చేస్తారు. ఆ ఒక్క పనికీ ఇద్దరూ ఒకటవుతారు."

"ఎప్పటికీ చెప్పొద్దాండి?"

"ఆ గండి గట్టిపడ్డాక చెబుదువులే" అని, "శేషయ్యా! రాఘవయ్యా! నా చేను పోతోందయ్యా!" అని కేక పెట్టారు. స్కూల్లో గంట కొట్టకముందే పిల్లల్ని లోపలికి పంపిన గొంతు అది.

ఇద్దరూ వచ్చారు. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిన మాస్టారు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉంటే, ఇక ఎవరు ముందని చూసుకోలేదు. పంచెలు ఎగ్గట్టి, తలో పారా పట్టుకుని, తలో వైపునుంచీ ఆ తగాదా గట్టును తవ్వారు. మధ్యలో పారలు ఒకదానికొకటి తగిలాయి. నీళ్ళు కాలువ దారి పట్టాయి. మెరక పొలాలు ఆరాయి, బాటలు తీశారు, మొదళ్ళకు మందు కొట్టారు, పేటవాళ్ళ పంట చాలావరకు చేతికొచ్చింది. మాస్టారి చేను సగానికి పైగా పడిపోయి మొలకెత్తింది. చర్చిలో కోతపండుగకు అందరూ వరిపనలు, అంటే కోసిన వరి కట్టలు, తెచ్చారు. అన్నిట్లోకీ చిన్న పన మాస్టారిది. అక్కడే నాకు ఏడుపొచ్చింది.

ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నిజం ఊరిని ఒప్పించింది. ఊరిని కదిలించింది మాత్రం ఒక అబద్ధం. అబద్ధం ఆడమని నేను ఎవరికీ చెప్పను. ఆ పని చెయ్యదలిస్తే ఆయనలా సొంత చేను పెట్టి చెయ్యాలని మాత్రం చెబుతాను. నేను చూసిన రాజకీయ అబద్ధాలన్నీ ఎదుటివాడి చేను మీదుగా పారినవే.

రాతిపలక

తొంభైల చివర్లో నేను తెనాలిలో ఏడీని. ఆ గండి ఉన్నచోట కాంక్రీటు తూము కట్టారని, ప్రారంభానికి రమ్మని ఆ ఊరినుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి జనం ఉన్నారు, కొబ్బరికాయ ఉంది, రాతిపలక కూడా ఉంది. పలక మీద పేరు మాత్రం లేదు. మొదటి పార తనదంటే తనదని ముసలివాళ్ళయిన శేషయ్య గారూ రాఘవయ్య గారూ పట్టుబట్టి కూర్చున్నారు.

"మేడమ్ గారున్నారుగా, ఆవిడ కళ్ళారా చూశారు, ఆవిడ్నే చెప్పమనండి" అన్నారు ఇద్దరూ.

దేవదానం మాస్టారు ముందు వరసలో కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఆడించారు.

"ఇద్దరి పారలూ ఒకేసారి పడ్డాయండి" అన్నాను. ఎవరికీ నచ్చలేదు. వాదన మళ్ళీ మొదలైంది. విసుగెత్తిన ఒక కుర్రవాడు, "ఇద్దరి పేర్లూ వద్దు. ఆ రోజు చేను మునిగింది మాస్టారిది, ఆయన పేరు పెట్టండి" అన్నాడు. అవతలివారి పేరు కాకపోతే చాలనుకున్న ఇద్దరూ ఒప్పుకున్నారు. చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి. తెగులుకు లేచిన చేతులూ, దోమకు లేచిన చేతులూ, వాళ్ళ కొడుకుల చేతులూ. మాస్టారు ఒక్కరే ఎత్తలేదు.

ఊరు సరైన పేరే ఎంచుకుంది, కారణం మాత్రం తెలియకుండా. నాకు మనసు ఆగలేదు. ఈ ఒక్కసారి చెప్పేద్దామని లేచాను. మాస్టారు నా వైపు చూసి, అందరికీ వినపడేట్టు అన్నారు.

"నువ్వు కూర్చో అమ్మా. నీకు ఈ ఊళ్ళో ఓటు లేదుగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను.

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. మొన్న వేమూరు వైపు పని ఉండి వెళ్ళి, ఆ గట్టు మీద నిలబడి తూమును కాలితో తన్ని చూశాను. ఎక్కడా పగుల్లేదు. నీళ్ళు సూటిగా కాలువలోకి పోతున్నాయి.

గట్టిపడింది మాస్టారూ. మొదటి పార మీదేనని ఇక్కడ రాసి చెప్పేశాను.